పిల్లల చేతికివ్వలేని రాడ్ మనకెందుకు?



మార్చి వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సవాల్: "భాయ్, బాస్ చేపలు పడదామనుకుంటున్నాం. ఏ రాడ్ కొనాలి? ఏ రీలు? లైను ఎన్ని పౌండ్లది?" జవాబులిచ్చేవాళ్లకు కరువు లేదు. ఒకాయన జపాన్ రీలు తప్ప వేరేది ముట్టుకోవద్దంటాడు. ఇంకొకాయన రాడ్ మీద పైసలు చూడొద్దంటాడు. మూడో ఆయన తన గరాజ్ గోడకు వరసగా పెట్టుకున్న తొమ్మిది రాడ్ల ఫోటో పెడతాడు. పాపం, సవాల్ అడిగినాయన ఒక్క చేపను కూడా చూడకముందే మూడు నాలుగు వందల డాలర్లు హిసాబ్‌లో రాసుకుంటాడు.

నా మష్వరా సీదాగా చెప్తాను. మీ పదేళ్ల బిడ్డ చేతికి ఏ భయమూ లేకుండా ఇవ్వగలిగే సెట్టే కొనండి. అంతకు మించి ఏది కొన్నా మొదటి ఏడాది ఫిజూల్. మిగిలిన పైసల్లో కొంచెం, మీ ధ్యాసలో ఎక్కువ భాగం లైను మీదా, ముడి మీదా పెట్టండి.

ఇది కంజూస్ మాట కాదు. చెరువు గట్టున ఎవరు నిలబడతారో, ఎవరు కారులోనే కూర్చుంటారో రాడ్ కీమత్ తేలుస్తుంది. రెండు వందల యాభై డాలర్ల రాడ్ పట్టుకున్న అబ్బా నోట మొదట వచ్చే మాట "ముట్టుకోకు బేటా". రెండు ఆదివారాలు ఆ మాట విన్న పిల్లలు మూడో ఆదివారం ఫోన్ పట్టుకుని వెనక సీట్లోనే ఉండిపోతారు. అమ్మీ బిర్యానీ డబ్బాకు కాపలా. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన దాదా, చిన్నప్పుడు ఊరి చెరువులో వెదురు కర్రకు గాలం కట్టిన మనిషి, కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు. ఖాందాన్ అంతా కలిసి చేయగలిగిన షౌక్ ఒక్క మనిషి షౌక్ అయిపోతుంది. ఇలా అయిన ఇళ్లు నేను చాలా చూశాను.

ముందు చేప మిజాజ్ తెలుసుకోండి

ఇక్కడ అందరూ వెంటపడేది పెద్ద నోటి బాస్, అంటే లార్జ్‌మౌత్. మన కొర్రమీను తెలిసినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇదీ షికారీ చేపే. నీళ్లలో తిరిగి తిరిగి మేయదు. గడ్డి పక్కన, మునిగిన చెట్టు మాటున, పడవలు కట్టే డాక్ నీడలో దాక్కుని, దగ్గరికొచ్చినదాన్ని ఒక్క గుటకలో మింగుతుంది. టెక్సాస్‌లో వసంతం రాగానే గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీళ్లకు వస్తుంది. అంటే చాలాసార్లు చేప మీకు పది పదిహేను గజాల దూరంలోనే ఉంటుంది. యాభై గజాలు విసిరే రాడ్ దేనికి మరి?

టెక్సాస్ రికార్డు బాస్ 18.18 పౌండ్లు. 1992లో డల్లాస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో పడింది. గట్టు మీద నుంచి మనకు పడేవి మాత్రం ఎక్కువగా ఒకటి నుంచి మూడు పౌండ్లవి. 18 పౌండ్ల చేపను తలుచుకుని సామాను కొనడమంటే, ఎప్పుడో వచ్చే బారాత్ కోసం రోజూ దేగ్‌లో వండుకోవడం లాంటిది.

రికార్డుల మాటే వస్తే ఇదీ వినండి. ప్రపంచ రికార్డు బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు పట్టాడు. అవి తినడానికే కష్టమైన రోజులు. పెర్రీకి, అతని దోస్తుకు కలిపి ఆ రోజు ఉన్నది ఒకే రాడ్, ఒకే రీలు. వంతులేసుకుని విసిరారు. చేపను తూకం వేయించి ఇంటికి తీసుకెళ్తే ఇంటిల్లిపాదీ తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప ఆ రికార్డుతో బరాబర్ అయింది గానీ, దాన్ని దాటలేదు. ఇద్దరి మధ్య ఒక రాడ్ వంతులేసుకోవడం చిన్నతనమేమీ కాదు, దానికి ఇంత తారీఖ్ ఉంది.

లైను ముందు, రాడ్ చివర

దుకాణంలో ముందు రాడ్ చూపిస్తారు, తర్వాత రీలు. లైను సంగతి బిల్లు కట్టేటప్పుడు గుర్తు చేస్తారు. మనం ఉల్టా నడవాలి. చేపకూ మనకూ మధ్య ఉన్న రిష్తా లైనూ, ముడీ మాత్రమే. రాడ్ విరిగి చేప పోవడం అరుదు. ముడి జారి, పాత లైను తెగి పోవడం రోజూ జరిగేదే.

లైన్లు మూడు రకాలు. మొదటిది మోనో, అంటే ఒంటి పోగు నైలాన్. ఇది కొంచెం సాగుతుంది. ఆ సాగే గుణం కొత్తవాళ్ల తప్పుల్ని మాఫ్ చేస్తుంది. చేప కొరకగానే పిల్లవాడు హడలిపోయి గట్టిగా గుంజినా లైను ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. ముడి తేలిగ్గా పడుతుంది. ధరా తక్కువే.

రెండోది ఫ్లోరోకార్బన్. నీళ్లలో తక్కువ కనిపిస్తుంది, మునుగుతుంది. కానీ బిరుసు. కొత్తవాళ్ల రీలు మీద నుంచి చుట్టలు చుట్టలుగా బయటికి దూకుతుంది. ధర కూడా ఎక్కువ.

మూడోది బ్రెయిడ్, సన్న పోగులు అల్లిన దారం. 10 పౌండ్ల మోనో ఎంత లావో, దాదాపు అంతే లావులో 30 పౌండ్ల తాకత్ ఇస్తుంది. దట్టమైన గడ్డిలోంచి చేపను లాగడానికి దీనికి సాటి లేదు. కానీ అసలు సాగదు, మామూలు ముడి జారుతుంది, చేతికి చుట్టుకుని గుంజితే వేలు కోస్తుంది. పిల్లల చేతుల్లో ఇది వద్దు.

కాబట్టి మొదటి ఏడాది 8 పౌండ్ల మోనో. బస్. "8 పౌండ్ల లైను మీద అంతకంటే పెద్ద చేప పడితే?" అని అడుగుతారు. అది గలత్‌ఫహమీ. ఆ అంకె చేప బరువు కాదు, లైను తెగే తాకత్. చేప గుంజినప్పుడు లైను తెగకుండా, రీలులోంచి కొంచెం కొంచెం జారేలా చేసే బిగింపును డ్రాగ్ అంటారు. దాన్ని లైను తాకత్‌లో నాలుగో వంతు దగ్గర పెట్టాలి. 8 పౌండ్లకు 2 పౌండ్లు. దీన్ని తూచడానికి మషీన్ అక్కర్లేదు. లీటరు నీళ్ల సీసా సుమారు 2.2 పౌండ్లు ఉంటుంది. రీలులోంచి వచ్చే లైనుకు సీసాను కట్టి నేరుగా వేలాడదీయండి. సీసా మెల్లగా కిందికి జారేంత వరకు డ్రాగ్ వదులు చేయండి. అయిపోయింది.

ముడి ఒక్కటి నేర్చుకోండి, పాలొమార్ అంటారు. లైనును రెండుగా మడిచి గాలం కన్నులోంచి దూర్చాలి. ఆ రెండు పోగులతో ఒక వదులు ముడి వేయాలి. చివర మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని దాటించాలి. తడి చేసి మెల్లగా బిగించాలి. తడి చేయకపోతే రాపిడి వేడికి లైను బలహీనమౌతుంది. ఇంట్లో లావు తాడు, తాళంచెవి రింగు ఇచ్చి పిల్లలతో పదిసార్లు వేయించండి. ఈ హునర్ వచ్చిన బిడ్డ, మూడు వందల డాలర్ల రాడ్ పట్టుకుని ముడి రాని పెద్దమనిషి కంటే ఎక్కువ చేపలు ఇంటికి తెస్తుంది.

మోనో ఎండకూ, వాడకానికీ పాడవుతుంది. ఏడాదికోసారి మార్చండి. రీలులో నింపేటప్పుడు అంచు వరకు నింపకుండా 1/8 అంగుళం ఖాళీ వదలండి. ఎక్కువైతే చిక్కుపడుతుంది, తక్కువైతే దూరం పోదు. తెగిన ముక్కల్ని గట్టున పారేయకండి. పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి. లైను తెగితే గాలం చేప నోట్లోనే ఉండిపోతుంది. ఆ బేజుబాన్ జీవి నొప్పికి జిమ్మేదారీ మనదే. అందుకే లైను మీద నిర్లక్ష్యం వద్దంటున్నాను.

రీలు: ఇంటిల్లిపాదీ తిప్పగలిగేది

అయిదారేళ్ల పిల్లలకు బటన్ నొక్కి వదిలే మూత రీలు మంచిది. దీని కథ బాగుంటుంది. టెక్సాస్‌లో ఆర్.డి. హల్ అనే గడియారాల మెకానిక్ ఉండేవాడు. కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే దారం ఉండ తిరగకుండానే, దారం ఒక్కటే జారుతూ రావడం చూసి, అలాంటి రీలు ఎందుకు చేయకూడదనుకున్నాడు. చమురు బావుల్లో పేల్చే బాంబులు తయారుచేసే ఓక్లహోమా కంపెనీ ఒకటి 1949లో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ జీరో అవర్ బాంబ్ కంపెనీయే తర్వాత జెబ్‌కో అయింది.

ఎనిమిదేళ్లు దాటిన అందరికీ స్పిన్నింగ్ రీలు. రాడ్ కింద వేలాడుతూ, తీగ చట్రం తెరిచి విసిరేది. సైజు 2500 అని ఉంటుంది, కొన్ని కంపెనీలు దాన్నే 30 అని రాస్తాయి. పెట్టె మీద 6.2:1 లాంటి అంకె కనిపిస్తుంది. పిడి ఒకసారి తిప్పితే లైను స్పూలు చుట్టూ 6.2 చుట్లు పడుతుందని అర్థం. 5కూ 6కూ మధ్య ఏదైనా సరే. "పది బేరింగులు" అని పెద్ద అక్షరాల్లో రాసుంటే పడిపోకండి. తిప్పి చూడండి. సాఫీగా తిరిగితే చాలు, డ్రాగ్ కుదుపు లేకుండా జారితే చాలు.

స్పిన్నింగ్ రీలుకు ఇంకో ఫాయిదా ఉంది, ఎవరూ చెప్పరు. పిడిని విప్పి రెండో వైపు పెట్టుకోవచ్చు. కుడిచేతి అన్నకూ, ఎడమచేతి చెల్లెలికీ ఒకే రీలు. గరాజ్ గోడ మీద మెరిసే బెయిట్‌కాస్టర్ అలా కాదు. పిడి ఏ వైపుంటే ఎప్పటికీ ఆ వైపే.

బెయిట్‌కాస్టర్ చెడ్డదని నేననను. బరువైన ఎరను గురి చూసి వేయడానికి అది బాదుషా. కానీ అందులో స్పూలే గిరగిరా తిరుగుతుంది. బొటనవేలితో సరైన వఖ్త్‌కు ఆపకపోతే లోపల పిచ్చుక గూడు తయారౌతుంది. దాన్ని విప్పుతూ కూర్చుంటే పొద్దు వాలిపోతుంది. 1/8 ఔన్సు తేలిక ఎరలు దానితో సరిగా పోవు కూడా. ఆ హునర్ నేర్చుకోవాలంటే ఇంటి వెనక గడ్డిలో ఒక్కరే నేర్చుకోండి. బిడ్డల ఆదివారం దానికి బలి చేయొద్దు.

రాడ్ మీద రాసిందే చదవండి

పిడికి కొంచెం పైన రాడ్ మీద చిన్న అక్షరాలుంటాయి. అమ్మేవాడి మాట కంటే అవి సచ్. పొడవు 6 అడుగుల 6 అంగుళాలు. పవర్ మీడియం, అంటే వంచడానికి ఎంత బలం కావాలో. యాక్షన్ ఫాస్ట్, అంటే కొన దగ్గరే వంగుతుందన్నమాట. చేప కొరికింది చేతికి త్వరగా తెలుస్తుంది, గాలం త్వరగా దిగుతుంది. లైను 6 నుంచి 12 పౌండ్లని ఉంటే మన 8 అందులో బరాబర్‌గా పడుతుంది. ఎరల బరువు 1/4 ఔన్సు చుట్టూ ఉంటే మన పనికి సరిపోతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు అయిదున్నర అడుగులు దాటకుండా, ఇంకొంచెం మెత్తనిది చూడండి.

ఇక ఏ సామానుతో చేసింది కొనాలన్నది. గ్రాఫైట్ తేలిక, చేతికి స్పర్శ బాగా తెలుస్తుంది, కానీ నాజూక్. కారు తలుపులో పడితే పోయింది. ఫైబర్‌గ్లాస్ కొంచెం బరువు, కానీ మజ్బూత్. రెండూ కలిపి చేసిన రాడ్లు 1976లో అగ్లీ స్టిక్ వచ్చినప్పటి నుంచి దుకాణాల్లో ఉన్నాయి. పిల్లలున్న ఇంటికి ఆ కలగలుపు రాడ్లే సరి. తొక్కినా, ఇసుకలో పడేసినా చాలావరకు బతుకుతాయి. రెండు ముక్కలుగా విడిపోయేదైతే కారు డిక్కీలో పడుతుంది. కొనేముందు దూది ఉండను రాడ్ ఉంగరాల లోపల తిప్పి చూడండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ పగులుందన్నమాట, లైనును కోసేస్తుంది. ఆ రాడ్ వెనక్కి పెట్టేయండి.

ఎతెరాజ్‌లకు జవాబు

"మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్" అంటారు మన బుజుర్గులు. ఖరీదైంది కొంటే ఒకసారే ఏడుస్తాం, చౌకది కొంటే మాటిమాటికీ ఏడుస్తాం. ఆ మాట నిజమే. అందుకే పదిహేను డాలర్ల బొమ్మల సెట్ కొనమని నేననడం లేదు. కార్టూన్ బొమ్మలున్న ఆ సెట్ల డ్రాగ్ పేరుకే. రెండు పౌండ్ల చేప పడితే బిడ్డ ఏడుస్తుంది. నేను చెప్పేది యాభై అరవై డాలర్ల మామూలు స్పిన్నింగ్ సెట్. అది చౌక కాదు, సాదా. చౌకకూ సాదాకూ మధ్య తేడా తెలియకే మనం ఒక కొస నుంచి ఇంకో కొసకు దూకుతున్నాం.

"ఒకే రాడ్‌తో అన్ని రకాలుగా పట్టలేం కదా" అనే మాట కూడా నిజమే. దట్టమైన ఆకుల మీద రబ్బరు కప్పను ఆడించి బాస్‌ను బయటికి లాగాలంటే 7 అడుగుల మీడియం హెవీ రాడ్, బెయిట్‌కాస్టర్, 50 పౌండ్ల బ్రెయిడ్ కావాలి. ఆ రోజు వచ్చినప్పుడు కొనండి. ఎప్పుడు వస్తుందంటే, మీరు కాదు, మీ ఇంట్లో ఇంకొకరు "అబ్బా, ఈ రాడ్‌తో ఆ గడ్డిలోకి వేయలేకపోతున్నాం" అని అడిగినప్పుడు. పైగా టెక్సాస్‌లో ఊరి పార్కుల చిన్న చెరువుల్లో మనిషికి రెండు రాడ్లకు మించి వేయకూడదని కానూనే ఉంది. తొమ్మిది ఎక్కడ పెడతారు?

ఇంకో గలత్ఫహమీ ఆడపిల్లల సంగతిలో. కొడుక్కి అసలు రాడ్, కూతురికి గులాబీ రంగు బొమ్మ సెట్. ఇది చేయకండి. ఆరున్నర అడుగుల మీడియం స్పిన్నింగ్ సెట్ పదేళ్ల బేటీకి, అమ్మీకి, దాదాకు, అందరికీ చేతిలో ఇముడుతుంది. అందుకే దాన్ని ఎంచుకుంటున్నాం.

హిసాబ్

స్పిన్నింగ్ సెట్ యాభై అరవై డాలర్లు. దానితో వచ్చిన లైను బాగా లేకపోతే 8 పౌండ్ల మోనో చుట్ట పది డాలర్ల లోపు. రబ్బరు వానపాములు, వంపు గాలాలు, తూటా ఆకారం బరువులు కలిపి పదిహేను. గాలం తీయడానికి పొడుగు ముక్కు కటింగ్ ప్లేయర్ పది. వంద దాటదు. నలుగురున్న ఇంటికి ఇలాంటివి రెండు సెట్లు చాలు. ఒకరు విసురుతుంటే ఇంకొకరు ఎర గుచ్చుతారు. వంతు కోసం ఇంతెజార్ చేయడంలోనే సబర్ నేర్చుకుంటారు. మూడు కొక్కాల గాలాలు మొదట్లో వద్దు. ఒంటి గాలం పెట్టి, దాని ముల్లును ప్లేయర్‌తో నొక్కేయండి. పొరపాటున వేలికి దిగినా తేలిగ్గా వస్తుంది. విసిరేటప్పుడు అందరికీ టోపీ, కళ్లజోడు ఉండాలి.

అసలు కొనకముందే ఒకసారి అరువు తెచ్చి చూడొచ్చు. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు చాలా స్టేట్ పార్కుల్లో రాడ్, రీలు, ఎరల పెట్టె ఉచితంగా అరువిస్తారు. స్టేట్ పార్కు గట్టు మీద నుంచి పడితే లైసెన్సు కూడా అక్కర్లేదు. బయట చెరువుల్లో 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు కావాలి. మంచినీళ్ల చేపలకు టెక్సాస్‌లో ఉండేవాళ్లకు 30 డాలర్లు. లార్జ్‌మౌత్‌ను ఉంచుకోవాలంటే మామూలుగా 14 అంగుళాలుండాలి, రోజుకు అయిదుకు మించకూడదు. లేక్ ఫోర్క్ లాంటి చోట్ల వేరే హద్దులున్నాయి, వెళ్లేముందు చూసుకోండి. తినడానికి ఒకటో రెండో దస్తర్‌ఖాన్ మీదికి తెచ్చుకుని, మిగతావాటిని తడి చేతులతో పట్టుకుని త్వరగా నీళ్లలో వదిలేయండి.

ఇప్పటికే గరాజ్‌లో తొమ్మిది రాడ్లున్న భాయ్‌లకు ఒక గుజారిష్. మీ షౌక్‌కు నేను అడ్డు రాను, మీ కమాయి మీ ఇష్టం. కానీ ఈసారి గ్రూపులో ఎవరైనా కొత్తవాళ్లు సవాల్ అడిగితే, గోడ ఫోటో పెట్టకండి. మీరు వాడకుండా మూలన పెట్టిన ఆ పాత స్పిన్నింగ్ సెట్ తీసి, కొత్త 8 పౌండ్ల లైను చుట్టి, వాళ్ల ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. వాళ్ల పిల్లలకు ముడి వేయడం నేర్పించి రండి.